714 నంబరు బిళ్ల

మందమర్రి,
11 నవంబర్ 2024

సదయ్యన్నకు,

బాగున్నావా అని అడగను. బాగానే ఉన్నావని నిన్నటి పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాను. జుట్టుకు రంగు వేశావు, నుదుటికి కూడా కొంచెం అంటింది. ‘గోదావరిఖని ముద్దుబిడ్డ, హాకీ వీరుడు సదయ్యకు డిసెంబర్ 15న ఘన సన్మానం’ అని రాశారు. అరవై ఆరేళ్ల ముద్దుబిడ్డను ఇప్పుడే చూస్తున్నాను. నువ్వు పుట్టింది మందమర్రిలో. నాయిన తుమ్మకొమ్మ చెక్కి ఇస్తే దాన్నే హాకీ స్టిక్కని పట్టుకుని తిరిగింది ఈ క్వార్టర్ల గల్లీల్లో. పదేళ్ల పైన మందమర్రి టీముకు ఆడావు. ఆ సంగతి పేపర్లో ఒక్క ముక్క లేదు. రాసినవాడికి తెలియదా, చెప్పినవాడు చెప్పలేదా?

నీ సన్మానంతో నాకు పనిలేదు. నీతో నోటితో మాట్లాడనని 1989లో ఒట్టు పెట్టుకున్నాను, ముప్పై ఐదేళ్లుగా తప్పలేదు. పెళ్లికో చావుకో తప్ప ఉత్తరం కూడా రాయలేదు. ఇదీ చావు ఉత్తరం లాంటిదే. మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయన గోలు కాస్తే ఆ టీములో ఆడిన ముసలివాళ్లంతా కలిసి, ఆయన పేరు మీద ఇక్కడి గ్రౌండ్‌లో ఒక ఆట పెడుతున్నారు. అదీ డిసెంబర్ 15నే. మొన్న వాళ్ల తరఫున ఉపేందర్ ఇంటికొచ్చి కూర్చున్నాడు.

“అక్కా, సదయ్యన్న మన టీమోడు. పదకొండో మనిషి జాగ ఖాళీ పెట్టినం. నువ్వు రాస్తెనే వస్తడు” అన్నాడు.

“ఆయన మన టీమోడు ఎప్పుడైండు?” అన్నాను.

రెండు చాయ్‌లు తాగాడు, లేవలేదు. అతణ్ణి ఇంట్లోంచి లేపడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను తప్ప నువ్వు వస్తావని కాదు. రావాలనీ కాదు.

వదినకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? ఆవనూనె కాచి రాసుకోమను. నీకు చెప్పమంటే చెప్పవు, ఈ ఉత్తరమే ఆమెకు చూపించు.

జమున

*

సెంటినరీ కాలనీ,
16 నవంబర్ 2024

చెల్లె జమునకు,

నీ ఉత్తరం చదివితే కళ్లు మండాయి. కారం దంచుతూ రాసినట్టున్నావు. జుట్టుకు రంగు నేను వేసుకోలేదు, కోడలు వేసింది. కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాను కదా, కోడలు చెప్పినట్టు వినాలి. నుదురు ఇప్పుడు తేటగానే ఉంది.

మీ మందమర్రి వాళ్లకు నేను ఇప్పుడు గుర్తొచ్చానా? పదకొండో మనిషి దొరకనప్పుడు? నేను ఆడిన రోజుల్లో మీవాళ్లు నాకిచ్చింది ఒకరు వేసి వదిలేసిన బనీను, వీపు మీద రెండు చిల్లులు. ఇక్కడివాళ్లు గొప్పవాళ్లని కూడా నేను అనను. ఈ సన్మానం పెట్టిన వేణుమాధవ్ అనే చిన్న లీడరు మొన్న ఇంటికొచ్చి, “పెద్దనాయినా, నువ్వు బ్యాటింగా, బౌలింగా?” అని అడిగాడు. “రెండూ” అన్నాను. రాసుకున్నాడు. వీళ్లకు నా ఆట తెలియదు, మీకు తెలిసీ విలువ లేదు. వీళ్లు కనీసం శాలువా కప్పుతారు.

నా విలువ తెలిసింది ఒక్క సుబ్రహ్మణ్యం సారుకే. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు, ఇక్కడి టీము చూసుకునేవాడు. 1989 ఫిబ్రవరిలో మందమర్రి గ్రౌండ్‌కే జీపు వేసుకొచ్చి, ఆట అయిపోగానే నన్ను ఎక్కించుకుని గోదావరిఖని తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే నేను రాష్ట్ర జట్టుకు ఆడాను. అక్కడే ఉంటే మీ ఉపేందర్ లాగా జనం ఇళ్లల్లో చాయ్‌లు తాగుతూ ఉండేవాణ్ణి.

ఇక అసలు సంగతి. నువ్వు బొగ్గు బాయి దిగినదానివి కాదు కాబట్టి వివరంగా చెప్తున్నాను. మాకు మనిషికొక ఇత్తడి బిళ్ల, దానిమీద నంబరు. దిగేముందు ల్యాంపురూంలో బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని. షిఫ్టు అయిపోయినా బిళ్ల అక్కడే ఉంటే వెతకడానికి మనుషులు దిగుతారు. నాది 714. బదిలీ అయినప్పుడు పాత బాయిలో దాన్ని అప్పజెప్పాలి. చూస్తే జేబులో లేదు. ఆఖరి ఆట రోజు నా బట్టల దగ్గర ఉన్నది మీ ఆయనే. నేను వెళ్లిపోతున్నానని ఆయనకు కడుపుమంట. బిళ్ల లేకపోతే బదిలీ ఆగుతుందనుకున్నాడు. రాజేశం నా బిళ్ల దొంగిలించాడని నేను ఆఫీసులో కాగితం రాసిచ్చాను, ఆయనకు మెమో వచ్చింది. ఉన్నమాట రాశాను, అందులో తప్పేముంది?

అది మీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. వెతికి నా చేతిలో పెట్టు. అప్పుడు ఆలోచిస్తాను, నేను ఎవరి టీమోణ్ణో.

ఆవనూనె సంగతి మీ వదినకు చెప్పాను. అదేమీ పనిచేయదంది.

సదయ్య

*

మందమర్రి,
20 నవంబర్ 2024

సదయ్యన్నకు,

చనిపోయిన మనిషిని దొంగ అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? శాలువా కోసం భుజాలు సాపు చేసుకుంటూ రాశావా?

నీ మాట అబద్ధమని నీకే చూపిద్దామని ఇల్లంతా గాలించాను. తాళాల గుత్తి తీసుకుని ఆయన ఇనప్పెట్టె తెరిచాను. ప్యాడ్లు, చేతి తొడుగులు, నీలం టోపీ, రెండు కర్పూరం బిళ్లలు. అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూశాను. మా బిడ్డ సంధ్యారాణి డ్యూటీ నుంచి వచ్చి, “ఏందమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?” అని అడిగింది. వాళ్ల మామే వాళ్ల నాయిన్ని దొంగను చేశాడని ఆ పిల్లకు ఎట్లా చెప్పను? బొద్దింకల కోసమని చెప్పాను. నీ బిళ్ల మా ఇంట్లో లేదు. మా ఆయన పరాయి మనిషిది గుండుసూది ముట్టుకునేవాడు కాదు.

దొంగతనం మాట నువ్వే ఎత్తావు కాబట్టి నీది కూడా చెప్తాను. బాయిలో బొగ్గు దిమ్మె దొర్లి మీ బావ ఎడమ మోకాలు చెడింది. డాక్టరుకు తెలిస్తే బాయి దించరని, గుడ్డ చుట్టుకుని డ్యూటీ చేశాడు, గుడ్డ చుట్టుకునే గోలు ముందు నిలబడ్డాడు. పొద్దున్నే ఉప్పు వేయించి మూటకట్టి నేను కాపడం పెట్టేదాన్ని. ఈ సంగతి తెలిసింది లోకంలో ముగ్గురికి: ఆయనకు, నాకు, నీకు. నువ్వు మా ఇంట్లో అన్నం తింటూ ఆ మూట చూశావు కాబట్టి నీకు.

నువ్వు వెళ్లిన ఏడే డిసెంబర్‌లో రెండు ఊళ్ల మధ్య ఫైనల్. నువ్వు గోదావరిఖని రంగు తొడుక్కుని వచ్చావు. రెండు గోల్స్ కొట్టావు. రెండూ ఎడమ కాలి పక్కనే, నేల మీద. రెండోదానికి ఆయన పడిపోయి లేవలేదు. దవాఖానకు మోసుకుపోయారు, మోకాలి సంగతి బయటపడింది. మళ్లీ బాయి దిగనివ్వలేదు, మళ్లీ ఆడలేదు. ముప్పై నాలుగేళ్ల మనిషిని ల్యాంపురూంలో దీపాలిచ్చే పనికి కూర్చోబెట్టారు. పాతికేళ్లు వేరేవాళ్లు దిగుతుంటే దీపాలిచ్చాడు. ఆ రోజు నువ్వు ఏం చేశావో గుర్తుందా? భుజాల మీద ఎక్కి ఊరేగావు. అప్పుడే నేను ఒట్టు పెట్టుకున్నది.

నువ్వు ఎవరి టీమోడివని రెండు ఊళ్లు కొట్టుకుంటున్నాయట. నన్నడిగితే చెప్పేదాన్ని. నువ్వు ఏ టీమోడివీ కావు.

ఆట సంగతి మరిచిపో. నీ జాగలో ఎవరో ఒకరు నిలబడతారు.

జమున

*

సెంటినరీ కాలనీ,
25 నవంబర్ 2024

చెల్లె జమునకు,

గోలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కొడతారు. అది ఆట. మోకాలి సంగతి నాకసలు గుర్తే లేదు. కాలు బాగాలేనివాడు గోలు ముందు ఎందుకు నిలబడాలి? కొట్టకుండా బంతి పట్టుకుని, “బావా, కాలెట్లుంది?” అని అడగాలా? ఊరంతా చూస్తుండగా, ఎంపిక చేసేవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉండగా?

నా జాగలో ఎవరినైనా నిలబెట్టుకోండి. మీ టీముకు నేనైనా ఒకటే, గాడిదైనా ఒకటే. నువ్వే రావద్దని రెండుసార్లు రాశావు, ఇక రాను. ఇక్కడ గ్రౌండ్ గేటుకు నా పేరు పెడతారట. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలని వేణుమాధవ్ అడిగాడు. రోడ్డు మీదికి కనబడేటట్టు చెయ్యమన్నాను.

బిళ్ల లేదంటే ఎవరు నమ్ముతారు? సరిగ్గా వెతకలేదు నువ్వు. చిన్నప్పుడు కూడా అంతే, చెవికమ్మ చెవికే పెట్టుకుని నాయినతో ఊరంతా వెతికించావు.

సదయ్య

*

మందమర్రి,
29 నవంబర్ 2024

అన్నకు,

దొరికింది.

నువ్వు చెవికమ్మ మాట రాశావు. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. ఆ ఇనప్పెట్టె తాళంచెవి ఉన్న గుత్తికే ఇత్తడి బిళ్ల ఒకటి ఉంది. ఆయన రిటైర్ అయి వచ్చిన రోజు గుత్తికి తగిలించాడు, ఎందుకని నేను అడగలేదు. తొమ్మిదేళ్లుగా రోజూ కొంగుకు కట్టుకుని తిరుగుతున్నాను. ఆ బిళ్ల చేతిలో పట్టుకునే నీ బిళ్ల కోసం ఇల్లంతా గాలించాను. నిన్న చింతపండు పెట్టి తోమితే అంకెలు తేలాయి. 714.

ఆయన దగ్గరే ఉంది. నువ్వు రాసింది నిజమే. నాకింకేమీ రాయాలని లేదు.

జమున

*

సెంటినరీ కాలనీ,
3 డిసెంబర్ 2024

చెల్లె జమునకు,

నేను చెప్పలేదా? ముప్పై ఐదేళ్లు నన్ను పగవాణ్ణి చేశావు. ఇప్పుడెవరు దొంగ? మీ వదినకు నీ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించాను. ఆమె మూతి తిప్పుకుని లోపలికి వెళ్లింది. ఆమె ఎప్పుడూ నీ పక్కే.

వేణుమాధవ్‌కు కూడా చెప్పాను. ఎగిరి గంతేశాడు. “పెద్దనాయినా, మీ చెల్లెను గూడ పిలుద్దాం. స్టేజి మీద ఆమె చేతులతోనే నీకు బిళ్ల ఇప్పిద్దాం. మందమర్రి నుంచి మన టీముకు వాపస్ వచ్చిందని పేపర్ల రాపిస్తా” అన్నాడు. కారు పంపిస్తానంటున్నాడు. నువ్వు నోటితో మాట్లాడాల్సిన పనేమీ లేదు, చేతికిస్తే చాలు. బిళ్లను మళ్లీ ఒకసారి తోము. ఫోటోలో నంబరు కనబడాలి.

మీ ముసలివాళ్ల ఆట ఇంకా ఉందా? పాపం.

సదయ్య

*

మందమర్రి,
8 డిసెంబర్ 2024

సదయ్యన్నకు,

కారు పంపమను. అందులో మా బర్రెను ఎక్కించి పంపిస్తాను, దానికి శాలువా కప్పండి. నీకన్నా దానికే నమ్మకం ఎక్కువ, సాయంత్రమైతే తన ఇంటికి తాను వస్తుంది.

నీ ఉత్తరం చదివాక మొదట సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఫోటోను గోడవైపు తిప్పి పెట్టాను. ఆయన మీద ముప్పై ఐదేళ్లు నాకున్న నమ్మకాన్ని నువ్వు ఒక ఉత్తరంతో పడగొట్టావు. నిన్న ఉపేందర్ వచ్చి తిప్పి ఉన్న ఫోటో చూసి, ఏమైందని అడిగాడు. బిళ్ల తీసి అతని ముందు విసిరాను. అతను దాన్ని ఏరుకుని కళ్లకు అద్దుకున్నాడు.

“అక్కా, దొంగతనం ఎక్కడిది? మేము షిఫ్టు దిగి ఆటకు ఉరికెటోళ్లం. ఉరుకుతుంటె జేబుల బిళ్ల పడిపోతదని, పదకొండు బిళ్లలు రాజేశన్న టోపీల ఏస్తుంటిమి. టోపీ గోలు ఎనుక పెడుతుండె. ఆట అయినంక ఎవల్ది వాళ్లు తీస్కునుడు. ఆ దినం సదయ్యన్న ఆట అయినంక టోపీ దిక్కు సూడనే లేదు. సక్కగ పోయి జీపెక్కిండు. రాజేశన్న ప్యాడ్లతోనే కుంటుకుంట జీపెనుక ఉరికిండు, బిళ్ల చేతుల పట్టుకొని. నేను నా కండ్లతోటి సూసిన” అన్నాడు.

“మరి ఇయ్యొచ్చు గద ఆయన?” అన్నాను.

“సదయ్య వస్తడు, చాయ్ తాగి తీస్కపోతడని పది దినాలు సూసిండు. పదకొండో దినం మెమో వచ్చింది. గప్పుడు బిళ్ల బయటికి తీస్తె ఏమైతది? దొంగతనం ఒప్పుకున్నట్టే గద. గందుకే దాసిండు. ఆ లొల్లి సల్లారి, ల్యాంపురూంల కూసున్నంక, ఆడ కోటు తగిలేసే మొలకు పాతికేండ్లు ఏలాడేసిండు. ఎవలన్న అడిగితె, ఒకాయన ఇంక పైకి రాలే అనెటోడు.”

“నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తె నువ్వు మీ అన్నను తిడ్తవని” అన్నాడు.

ఇదీ సంగతి. టోపీలో బిళ్ల వేసే ఆనవాయితీ నీకు తెలియదా? పదేళ్లు వేశావు కదా! వేసినవాడివి తీసుకోకుండా పోయి, దాచిపెట్టినవాణ్ణి దొంగ అన్నావు. జీపు అంత గొప్పగా ఉందా అన్నా? నువ్వు మమ్మల్ని వదిలి వెళ్లావని నేను తిట్టుకున్నాను. ఆయన మాత్రం నువ్వింకా పైకి రాలేదని దీపాలిచ్చుకుంటూ కూర్చున్నాడు. నువ్వు ఏ టీమోడివో ఆయనొక్కడికే అనుమానం లేదు. అంత నమ్మినందుకు ఆయన మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఫోటో సరిగ్గా పెట్టాను. బిళ్ల గుత్తికే ఉంది. స్టేజి మీదికి తేను.

జమున

*

సెంటినరీ కాలనీ,
12 డిసెంబర్ 2024

చెల్లె జమునకు,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మీ వదిన చదివింది. ఆమె నాతో మాట్లాడడం లేదు. ఈ ఇంట్లో కూడా ఒట్టు మొదలైనట్టుంది.

టోపీ గుర్తొచ్చింది. నీలం టోపీ, లోపల చెమట మరక. జీపు కదిలాక వెనక్కి చూశాను. బావ చెయ్యెత్తి కుంటుతూ వస్తున్నాడు. వెళ్లిరమ్మంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఇన్నేళ్లూ ఆ చెయ్యి ఊపడాన్ని నా గొప్పతనంగా చెప్పుకున్నాను. ఆయనకు కడుపుమంట ఉన్నా నేను నవ్వుతూనే సెలవు తీసుకున్నానని ఎంతమందికి చెప్పానో.

ఇంకొకటి. మోకాలి సంగతి గుర్తే లేదని రాశాను. అబద్ధం. ఫైనల్ రోజు పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చింది అదే. రెండో గోలు అప్పుడు కుడివైపు కూడా ఖాళీగానే ఉంది చెల్లె. అయినా ఎడమకే కొట్టాను. బావ నా కళ్లలోకి చూశాడు. నేను ఎడమకే కొడతానని ఆయనకు తెలిసిపోయింది, తెలిసీ ఆ కాలి మీదే పడ్డాడు. రాష్ట్ర జట్టు బనీను నాకు ఆ కాలు మీదుగా వచ్చింది. రంగు వేసుకున్న ఈ తలను అద్దంలో చూస్తే నాకే ఉమ్మాలనిపిస్తోంది. గేటు మీద పెద్ద అక్షరాలతో ఎవరి పేరు రాస్తున్నారో వీళ్లకు తెలియదు.

సన్మానానికి వెళ్లను. మీ ఆటకు రమ్మని నువ్వు రాయలేదు. నువ్వు రాయకపోయినా వస్తాను. నా జాగలో నన్ను నిలబెట్టొద్దని ఉపేందర్‌కు చెప్తాను.

సదయ్య

*

మందమర్రి,
17 డిసెంబర్ 2024

అన్నకు,

నీ ఉత్తరం నిన్న చేరింది, ఆట అయిపోయిన మర్నాడు. కాబట్టి ఆదివారం నాడు నాకేమీ తెలియదు. పది గంటల బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో గ్రౌండ్‌లోకి వచ్చి ఉపేందర్ చెవిలో ఏదో అన్నావు. అతను నా దగ్గరికొచ్చి, “అక్కా, పెట్టె తాళం ఇయ్యి. రాజేశన్న ప్యాడ్లు కట్టుకొని గోల్ల నిలబడ్తడంట” అన్నాడు. నీకు పిచ్చి పట్టిందనుకున్నాను. జన్మలో గోలు ముందు నిలబడనివాడివి. గుత్తి మొత్తం ఇచ్చేశాను.

ఎట్లా నిలబడ్డావో చెప్పాలా? ప్యాడ్లు తిరగేసి కట్టావు. మొదటి బంతికి కళ్లు మూసుకున్నావు. రెండోదానికి పక్కకు జరిగి దారిచ్చావు. ఐదు గోల్స్, అన్నా! ఐదోది ఎంత నెమ్మదిగా వచ్చిందంటే మా బర్రె కూడా ఆపేది. నీ కాళ్ల మధ్య నుంచే పోయింది. అరవై ఆరేళ్ల వీరుడివి బోర్లా పడితే గ్రౌండ్ గ్రౌండంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదటిసారి. సంధ్యారాణితో నీకు చాయ్ పంపించింది నేనే. ఆ పిల్ల తెచ్చిందనుకుని ఆమెకు థాంక్స్ చెప్పావట.

నువ్వు పడిన ప్రతిసారీ ఎడమ మోకాలి మీదే పడ్డావు. అప్పుడు అర్థం కాలేదు. నిన్న ఉత్తరం చదివాక అర్థమైంది. నిన్ను క్షమించానని రాయను. అది నేను ఇచ్చేది కాదు, ఇవ్వాల్సిన మనిషి లేడు. కానీ ఆ మనిషి ఏమనేవాడో నాకు తెలుసు, అదే నా కోపం.

నీ సన్మానం సంగతి సోమవారం పేపర్లో వచ్చింది. అనారోగ్యం వల్ల నువ్వు రాలేకపోయావట. నీ ఫ్లెక్సీకి శాలువా కప్పి ఫోటో దిగారు. నువ్వు ఎవరి టీమోడివని ఇంకా మాట్లాడుకుంటున్నారట. మాట్లాడుకోనీ.

నేను రాయాలనుకున్నది వేరే. ఆటకు ముందు ఉపేందర్ పాత ఆనవాయితీ అని నీలం టోపీని గోలు వెనక పెట్టాడు. వేయడానికి ముసలివాళ్లెవరి దగ్గరా బిళ్లలు లేవు. నువ్వు ఒక్కడివే గుత్తిలోంచి బిళ్ల తీసి అందులో వేశావు, నేను చూశాను. ఆట అయ్యాక ప్యాడ్లు విప్పావు, దుమ్ము దులుపుకున్నావు, అందరికీ దండం పెట్టి బస్సెక్కావు. సాయంత్రం ఉపేందర్ ఆ టోపీ తెచ్చి నా ముందు పెట్టాడు. 714 అందులోనే ఉంది.

ఈసారి జీపు లేదు, పిలిచే సారు లేడు. టోపీ నీ వెనకే రెండడుగుల దూరంలో ఉంది. మర్చిపోయావా, కావాలనే వదిలేశావా?

బిళ్లను ఇంట్లో ఆయన కోటు తగిలించి ఉన్న మొలకు వేలాడేశాను. జవాబు రాయకు. నీ చేతిరాత చదివి చదివి నాకు కళ్లు పోతున్నాయి. ఇంటికొచ్చి, నా ముందు కూర్చుని, నోటితో చెప్పు.

జమున